ఇంజనీరు గారూ, కట్ట నిలుస్తుందా?

మా పెదనాన్న నాకిచ్చిన వస్తువుల్లో ఇప్పటికీ నా సొరుగులో మిగిలినది ఒక్కటే, విజిటింగు కార్డుల డబ్బా. 1997 వేసవిలో నేను కెనడాకు బయలుదేరే ముందు ఆయన పనిగట్టుకొని రేపల్లెలో పాసింజరు ఎక్కి, తెనాలి వెళ్ళి, తెలిసిన ప్రెస్సులో రెండు వందల కార్డులు అచ్చు వేయించుకొచ్చారు. తెల్లటి అట్ట, నీలం అక్షరాలు. నా పేరు, దాని కింద కొంచెం పెద్ద అక్షరాల్లోనే ‘సివిల్ ఇంజనీరు’ అని. పేరు కన్నా హోదా పెద్దదిగా ఉందేమిటని అడిగితే, ‘పేరు మీ నాన్న పెట్టాడు, ఇది నువ్వు సంపాదించుకున్నావు’ అన్నారు.

ఆయన జీవితమంతా ఆ మాటకు ఒక మెట్టు కిందనే గడిచిపోయింది. గుంటూరులో పాలిటెక్నిక్ చదివి, ఎల్.సి.ఇ. పుచ్చుకొని, కాలువల శాఖలో సూపర్వైజరుగా చేరారు. కృష్ణ పశ్చిమ డెల్టా కాలువల మీద, కృష్ణ కరకట్ట మీద ముప్ఫయ్యేళ్ళకు పైగా తిరిగారు. ఊళ్ళలో ఆయన్ను అందరూ ‘ఇంజనీరు గారూ’ అనే పిలిచేవారు. ఆయన మాత్రం ప్రతిసారీ, విసుగన్నది లేకుండా, ‘నేను సూపర్వైజర్నండీ, ఇంజనీరు గారు బాపట్లలో ఉంటారు’ అని దిద్దేవారు. అవతలివాళ్ళు సరేనని తలూపి, మరుక్షణం మళ్ళీ ‘ఇంజనీరు గారూ’ అనే అనేవారు. చిన్నప్పుడు నాకిదొక వేడుకగా ఉండేది. తరువాత తరువాత గాని ఆ దిద్దుబాటులో ఎంత నొప్పి ఉందో తెలిసిరాలేదు.

ఉద్యోగం మీద కొన్నేళ్ళు గడిచాక ప్రభుత్వం హోదాల పేర్లు మార్చింది. డిప్లమా వాళ్ళు ఏ.ఇ.లు, డిగ్రీ వాళ్ళు ఏ.ఇ.ఇ.లు. తేడా ఒక్క అక్షరమే! కానీ ఆ ఒక్క అక్షరం చుట్టూ ప్రమోషన్లు, సంఘాలు, కోర్టు కేసులు, పలకరింపులో గౌరవం ఎంత తిరిగేవో ఆ శాఖలో పని చేసినవారికి నేను చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి. చేసిన పని కొలతలు ఎం. బుక్కులో ముందుగా ఎక్కించి సంతకం పెట్టేది కింది ఉద్యోగి. పైవారు చెక్ మెజర్‌మెంటు చేస్తారు. రేపు విచారణంటూ వస్తే మొట్టమొదట కనబడే సంతకం కింది ఉద్యోగిదే. అంటే బాధ్యత కింద మొదలై పైకి పోతుంది, గౌరవం పైన మొదలై కిందికి వచ్చేలోపు ఇంకిపోతుంది. మా కాలువల్లో చివరి భూములకు చేరే నీళ్ళలాగా.

నా సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. 1990లో బాపట్లలో బి.ఇ. పూర్తి చేసి, ట్రంకుపెట్టెతో రేపల్లెలో దిగానో లేదో, రిక్షా అతను మొదలుకొని అందరూ ‘ఇంజనీరు బాబు’ అన్నారు. నేనప్పటికి ఒక్క ఇటుక పేర్చించి ఎరుగను. లెవెల్ యంత్రం నిలబెట్టమంటే మూడు కాళ్ళూ మూడు వైపులకు పోయేవి. అయినా ఎవరినీ దిద్దలేదు. పైగా ఆ పిలుపు మీద సంబంధాలు కూడా వచ్చాయి! (అప్పట్లో పెళ్ళిళ్ళ బజారులో ‘ఇంజనీరు’ అంటే ఒక ధర పలికేది. ఇప్పుడా మాటే వినబడదు. ‘అబ్బాయి సాఫ్ట్‌వేరు’ అంటారు, మనిషినే ఒక సరుకు పేరుతో.)

ఇక కార్డుల కథ. టొరంటో దగ్గర ఒక చిన్న సంస్థలో డ్రాయింగులు గీసే ఉద్యోగం దొరికింది. చేరిన మొదటి వారంలోనే, మర్యాద కదా అని, మా పెద్దాయనకు కార్డు అందించాను. ఆయన చదివి, తలుపు దగ్గరగా వేసి, ఎంతో సౌమ్యంగా చెప్పాడు: ‘దీన్ని ఇక్కడ ఎవరికీ ఇవ్వకు. లైసెన్సు లేకుండా ఆ మాట పేరు పక్కన రాసుకోవడం ఒంటారియోలో చట్టవిరుద్ధం.’

చెవులు గింగురుమన్నాయి. రెండు వందల కార్డుల్లో ఖర్చయింది ఒకటి, అదీ తిరిగి నా చేతికే వచ్చింది. నాలుగేళ్ళ చదువూ, ఏడేళ్ళ అనుభవమూ సముద్రం దాటేసరికి ఎక్కడో జారిపోయాయన్నమాట! అక్కడి లైసెన్సింగు సంస్థకు దరఖాస్తు పెడితే నా చదువును నిర్ధారించుకోవడానికి కొన్ని సాంకేతిక పరీక్షలు రాయమన్నారు. ఆపైన చట్టమూ, వృత్తిధర్మమూ మీద మరో పరీక్ష. ఏడాదిపాటు కెనడా అనుభవం తప్పనిసరి. (ఒంటారియోలో ఈ చివరి షరతును 2023లో ఎత్తేశారు. నాకు ఇరవయ్యేళ్ళు ఆలస్యంగా!) అవమానంతో మొదలుపెట్టిన ఆ చదువు చదువుతూండగా నా కోపం మెల్లగా దారి మళ్ళింది.

1907 ఆగస్టు 29న క్విబెక్ వద్ద సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న వంతెన కూలి 75 మంది పనివారు చనిపోయారు. తప్పు గాలిది కాదు, వరదది కాదు, లెక్కది. వంతెన తన బరువునే మోయలేకపోయింది. 1925 నుంచీ అక్కడ చదువు ముగించే ఇంజనీర్లు ఒక ప్రమాణం చేసి, పనిచేసే చేతి చిటికెనవేలికి ఇనుప ఉంగరం తొడుక్కుంటున్నారు. ఆ ఉంగరాలు కూలిన వంతెన ఇనుముతో చేసినవని చెప్పుకునేది కట్టుకథే గాని, గీత గీసినప్పుడల్లా, సంతకం పెట్టినప్పుడల్లా అది కాగితానికి రాసుకుంటుందన్నది మాత్రం నిజం.

అదే 1907లో అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం ఆ దేశంలోనే మొట్టమొదటి ఇంజనీరింగు లైసెన్సు చట్టం చేసింది. కారణం వింటే మన డెల్టావాళ్ళకు సొంత ఊరి కథలా ఉంటుంది. సాగునీటి అనుమతుల కోసం ఎవరు పడితే వారు కాలువ పటాలు గీసి, కింద ‘ఇంజనీరు’ అని సంతకం పెట్టి దాఖలు చేస్తున్నారట! ఈ ముక్క పెదనాన్నకు ఉత్తరంలో రాస్తే, ‘నీళ్ళ దగ్గరే మొదలైందన్నమాట’ అని జవాబు రాశారు.

అన్ని దేశాలూ ఇలా లేవు. సివిల్ ఇంజనీర్ల సంస్థకు 1828లోనే రాజపత్రం ఇచ్చిన ఇంగ్లండులో బట్టలుతికే యంత్రం బాగుచేయడానికి వచ్చేవాడూ ఇంజనీరే. చట్టం కాపాడేది ‘చార్టర్డ్’ వంటి విశేషణంతో కూడిన బిరుదులను మాత్రమే. జర్మనీలో ‘ఇంజెనియర్’ అన్న మాటకు చట్టం కాపలా ఉంది. 1899లో కైజరు సాంకేతిక విద్యాలయాలకు డాక్టరేటు ఇచ్చే హక్కు ప్రసాదించడం అక్కడ ఒక సామాజిక ఘట్టం. ఇటలీలో మనం ‘డాక్టరు గారూ’ అన్నట్టే ఇంజనీరునూ బిరుదుతో సంబోధిస్తారు. అరబ్బు దేశాల్లో ‘ముహందిస్’ పేరుకు ముందు వస్తుంది.

ఆ ముహందిస్ మాట మా పిన్ని కొడుకును బాగా ఏడిపించింది. తెనాలివాడు, కువైటులో చాలా ఏళ్ళు ఇంజనీరుగా చేశాడు. 2018లో అక్కడ నిబంధన మారింది. ఇంజనీరు హోదాతో అకామా పొడిగించాలంటే అక్కడి ఇంజనీర్ల సంఘం ఒప్పుకోలు కావాలి. మన దేశపు చదువైతే ఎన్.బి.ఏ. గుర్తింపు ఉన్న కోర్సు అయి ఉండాలి. వీడు చదివిన రోజుల్లో వాడి కాలేజీకి ఆ గుర్తింపు లేదు. భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యురాలైనదే 2014లో. అంతకు ముందు పట్టాలు పుచ్చుకున్నవారి గోడు ఎవరు వింటారు? చేసే పని అదే, కుర్చీ అదే, కాగితం మీద మాత్రం హోదా మార్పించుకొని ఉండిపోయాడు. ఏ హోదా అని అడిగాను. ‘సూపర్వైజరు’ అన్నాడు. నేను ఫోనులో చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మనదేశంలో వకీళ్ళకు 1961 చట్టం ఉంది, ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉంది, వైద్యులకు రిజిస్టరు ఉంది. వృత్తిధర్మం తప్పితే పేరు కొట్టేస్తారు. ఇంజనీర్లకు దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం నేటికీ లేదు. 1920లో పుట్టి, 1935లో రాజపత్రం పొందిన ఇంజనీర్ల సంస్థ కలకత్తాలో ఉంది, దాని ఏ.ఎం.ఐ.ఇ. పరీక్ష రాసి ఎందరో డిప్లమా వారు పైకి వచ్చారు. కానీ పేరు కొట్టేయాలంటే ముందు పేరు ఎక్కించిన పుస్తకం ఉండాలి గదా? నా అనుమానం ఏమిటంటే, మన దగ్గర ఇంజనీరంటే మొదటినుంచీ వృత్తి కాదు, సర్కారు ఉద్యోగం. కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తిచేసిన దొరల కాలం నుంచీ మనం దండం పెట్టింది జీపుకూ, బంగళాకూ. కాటన్ దొరకూ, విశ్వేశ్వరయ్య గారికీ విగ్రహాలున్నాయి, పులిచింతలకు కె.ఎల్. రావు గారి పేరుంది. సరే, వాళ్ళు మహానుభావులు. నా బెంగ మిగతావారి గురించి.

దొరల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధస్తూపపు ఇటుకల్నీ, పాలరాతి పలకల్నీ పంతొమ్మిదో శతాబ్దంలో రోడ్డుకూ, కాలువ పనులకూ తరలించారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలకు వచ్చేనాటికే చాలా భాగం పోయింది. మా వృత్తి ఘనత చెప్పుకునేటప్పుడు ఈ పద్దు కూడా రాసుకోవాలని పెదనాన్న అంటూండేవారు.

2002లో నాకు లైసెన్సు వచ్చింది. ఆ చలికాలం ఇంటికి వెళ్ళినప్పుడు రబ్బరు ముద్ర వెంట తీసుకుపోయి చూపించాను. ఆయన అద్దాలు తుడుచుకొని, దాన్ని తిప్పి తిప్పి చూశారు. మా పెద్దమ్మ ముచ్చటపడి పాల లెక్కల నోటుపుస్తకం తెచ్చి, ‘ఏదీ, ఇందులో ఒకటి వెయ్యి నాయనా’ అంది. ఆయన పుస్తకాన్ని పక్కకు జరిపారు.

‘ఇది వేశాక కట్ట తెగితే?’

‘నన్ను అడుగుతారు.’

‘నిన్నే?’

‘నన్నే. నా పేరు పెట్టి.’

‘బాగుంది’ అని ముద్రను డబ్బాలో పెట్టేశారు. ఆ సాయంత్రం ఇంకేమీ మాట్లాడలేదు.

2009 అక్టోబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చిపడింది. ఆ రాత్రులు శ్రీశైలం మీద, సాగరు మీద గేట్లు చూసుకుంటూ నిలబడిన ఇంజనీర్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షలు దాటింది. కింద రేపల్లె వైపు కరకట్ట మీద జనం టార్చిలైట్లతో, ఇసుక బస్తాలతో కాపలా కాశారు. పెదనాన్న రిటైరై అప్పటికి చాలా ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. అయినా పెనుమూడి వైపు కట్ట మీదికి ఆటోలో తీసుకుపోయారు. ఒకచోట కట్ట లోపలి వాలు నుంచి నీరు ఊరుతోంది. రైతులు చుట్టూ మూగి అడిగారట, ‘ఇంజనీరు గారూ, కట్ట నిలుస్తుందా?’ అని.

ఆ రాత్రి ఆయన దిద్దలేదు. ఊరే నీళ్ళను దోసిట్లోకి తీసుకొని, బురద వస్తోందేమో లైటు వెలుగులో చూసి, ‘నిలవదు. పిల్లల్నీ గొడ్లనూ తీసుకొని వెళ్ళిపోండి’ అన్నారు.

అక్కడ కట్ట నిలిచింది. తెగింది పైన, ఓలేరు దగ్గర. ఆ నీరే రేపల్లె మీదికి వచ్చింది. తరువాత కొందరు పెదనాన్నను, లేనిపోని భయం పెట్టి అర్ధరాత్రి ఇళ్ళు వదిలించాడని నిష్ఠూరమాడారు. కొందరు దండం పెట్టారు. ఆయన రెండింటికీ ఏమీ అనలేదని పెద్దమ్మ ఫోనులో చెప్పింది.

2013లో ఆయన పోయాక, పెట్టె సర్దుతూంటే పాత లెవెల్ బుక్కు ఒకటి దొరికింది. ఉద్యోగం నాటిది, చివర్లో ఖాళీ పుటలున్నాయి. ఒక పుటలో ఆ రాత్రి తేదీ, చోటు, కట్ట వాలులో ఊట ఎంత ఎత్తున ఉందో రాసి, కింద రెండు ముక్కలు: ‘నిలవదని చెప్పాను. నిలిచింది.’ దాని కింద పూర్తి సంతకం. పేరు పక్కన, ఎప్పటిలాగే, ఎల్.సి.ఇ.