రెండవ చూపు

వ్యాకరణం బోధించేటప్పుడు నిశ్చయార్థక వాక్యానికీ, సందేహార్థక వాక్యానికీ గల భేదం చెప్పని సంవత్సరం నా ఉద్యోగజీవితంలో లేదు. "పుస్తకం ఇంట్లో ఉంది" అన్నది నిశ్చయం. "పుస్తకం ఇంట్లో ఉండి ఉంటుంది" అన్నది ఊహ. పరీక్షలో వచ్చే రెండు మార్కులకు మించి ఈ భేదానికి విలువ ఉంటుందని నిజానికి నేనూ అనుకోలేదు. ఆ విలువను నాకు తెలియజేసింది నా పూర్వవిద్యార్థిని ఒకామె. తరగతిలో ఆమెకు తెలుగు అంతంతమాత్రమే. ఇప్పుడు హైదరాబాదు చేరువలో విమానాలను మరమ్మతు చేసే ఒక కేంద్రంలో నాణ్యతా విభాగానికి అధికారిణి. "ఒకసారి మా పని చూతురుగాని రండి సార్" అని ఆమె పిలవగా ఒక సాయంకాలం వెళ్లాను.

ఆకాశంలో పిట్టంతగా కనిపించే విమానం అక్కడ రేకులు విప్పించుకొని, వైద్యుని ఎదుట నిలిచిన ఏనుగువలె కదలక నిలబడి ఉంది. నన్ను ఆకర్షించింది మాత్రం విమానం కాదు, పనిముట్ల పెట్టె. అందులోని ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే తొలిచిన గుంట ఉంది. గుంట ఖాళీగా కనిపిస్తే పనిముట్టు ఎక్కడో బయట ఉన్నట్లు లెక్క. బోల్టులు బిగించే సాధనాలను ఏ తేదీలోగా తిరిగి పరీక్షించాలో వాటిమీదే అంటించి ఉంటుంది. ఆ తేదీ దాటితే వాటిని ముట్టుకోరాదు. చేసిన ప్రతి పనికీ కాగితం, ప్రతి కాగితానికీ సంతకం. ప్రాణాలు ఆధారపడిన కొన్ని పనులను చేసినవారు కాక, అర్హత గల మరొకరు వచ్చి చూసి వేరుగా సంతకం పెట్టాలి. నా విద్యార్థిని స్వయంగా మర ఒక్కటీ బిగించదు. ఇదంతా నియమం ప్రకారం జరుగుతున్నదా లేదా అని చూడటమే ఆమె పని. పని త్వరగా ముగించవలసిన విభాగం కింద ఆమె విభాగం ఉండదు. ఉంటే ఆమె "ఆగండి" అన్న మాటకు బలమెక్కడిది?

ఆ మాట నేనున్నప్పుడే వినవలసి వచ్చింది. షిఫ్టు ముగిసే వేళ ఒక గుంట ఖాళీగా కనిపించింది. సందులలోనికి చూడటానికి పొడవాటి కాడకు అమర్చిన చిన్న అద్దం అందులో ఉండాలి. వయసులో ఆమెకు రెట్టింపు ఉన్న ఫోర్‌మన్ దగ్గరికి వచ్చి, "మధ్యాహ్నం పక్క విమానం దగ్గర వాడాం తల్లీ, అక్కడే ఉండి ఉంటుంది. తెల్లవారేసరికి ఇది వెళ్లిపోవాలి" అన్నాడు.

"ఉండి ఉంటుంది అంటే విమానం కదలదు బాబాయిగారూ. 'ఉంది' అని చెప్పండి, కదులుతుంది."

అప్పటికే మూసిన రేకులను మళ్లీ విప్పారు. టార్చిలైట్లతో గంటన్నర వెతికారు. చివరకు అద్దం పక్క విమానం దగ్గరి బల్లకింద దొరికింది. పెద్దాయన ఊహ నిజమే. కాని గంటన్నర క్రితం అది నిజమని ఎవరికీ తెలియదు.

తర్వాత టీ తాగుతూ ఆమె ఒక సంఘటన చెప్పింది. 1990 జూన్ 10న బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తుకు చేరేసరికి కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి తోసుకుపోవడంతో కెప్టెన్ సగం శరీరం విమానం వెలుపలికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయన కాళ్లను పట్టుకొని వదలలేదు. సహపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. ఆ అద్దాన్ని కొత్తగా బిగించి అప్పటికి 27 గంటలు. 90 బోల్టులలో 84 బోల్టులు ఉండవలసిన దానికంటె 0.026 అంగుళం సన్నవి.

బిగించినవాడు అనుభవం లేనివాడు కాడు. ఆ రాత్రి షిఫ్టుకు అతడే పెద్ద. మనుషులు చాలక తానే పూనుకొన్నాడు. సరైన బోల్టు ఏదో సామాన్ల గదిలో ఒకరు చెప్పినా వినక, పాత బోల్టు పక్కన పెట్టి, మసక వెలుతురులో కంటితో పోల్చి ఏరుకొన్నాడు. వైద్యులు వాడమన్న కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు (ఈ మాట వినగానే నా చేయి జేబు మీదికి పోయింది). రెండవవారు చూసి తీరవలసిన పనుల పట్టికలో ఆ అద్దం లేదు. చేసినవాడే చూశాడు, చూసినవాడే సంతకం పెట్టాడు.

"పెద్దవాళ్లు చేసిన పనిని మళ్లీ చూడటమే మాకు కష్టం సార్. అనుమానించామనుకుంటారు" అన్నదామె.

నేను తాళపత్ర గ్రంథాలతో కొన్నేళ్లు గడిపినవాణ్ణి. "మూలంలో ఎట్లున్నదో అట్లే రాశాను, తప్పులుంటే నన్ను నిందించకండి" అని లేఖకులు గ్రంథాంతంలో వేడుకొనడం ఒక ఆచారం. ఆ వినయం నాకెప్పుడూ ముద్దుగానే తోచేది. ఇక్కడి సంతకం దానికి తలకిందులు. నేను చూశాను, తప్పుంటే నన్నే అడగండి అంటుందిది. అటువంటి సంతకం ఒకటి నేనూ పెట్టాను, చూడకుండా.

మూల్యాంకన శిబిరంలో ఒక ఏడు నాకు స్క్రూటినైజర్ పని వేశారు. దిద్దిన జవాబుపత్రాలలో మార్కుల కూడిక సరిచూడటం ఆ పని. ఒక కట్ట దిద్దినది నాకంటె ఎంతో పెద్దవారు, నేను గురుభావంతో చూసేవారు. ఆయన కూడికను ఆయన ఎదుటే మళ్లీ కూడటం అమర్యాద అనిపించింది. భోజనానికి వేళ కూడా అయింది. పుటలు తిప్పి సంతకాలు పెట్టేశాను. అందులో ఒక పత్రంలో లోపలి పుటలోని ఎనిమిది మార్కులు కూడికలో చేరలేదు. 37 రావలసిన చోట 29 వచ్చాయి. ఉత్తీర్ణతకు కావలసినవి 35. రీకౌంటింగులో ఆ తప్పు బయటపడి, నా సంజాయిషీ కోరుతూ ఉత్తరం వచ్చింది. అందులోని తేదీలు చూసుకొంటే, అప్పటికే ఆ ఏటి డిగ్రీ ప్రవేశాల గడువు దాటిపోయింది.

ఈ సంగతి ఆమెకు చెప్పాను. ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "అబ్బాయా, అమ్మాయా సార్?" అని అడిగింది.

"తెలియదమ్మా. జవాబుపత్రం మీద పేరు ఉండదు కదా, సంఖ్య మాత్రమే ఉంటుంది."

అవతల రెండవ షిఫ్టువారు వచ్చి పెట్టెల ముందు నిలబడి పనిముట్లను లెక్కిస్తున్నారు. ఆమె లేచి అటు వెళ్లింది.