సిరిమాను ముందు మూడు మాటలు

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మాను కదిలింది మొదలు కోట చేరేదాకా కళ్లప్పగించి చూస్తాం. ఇంగ్లీషులో అది వాచ్. పక్కనున్న పిల్లాడికి 'అదిగో, పైకి చూడు' అని మాను కొసన కూర్చున్న పూజారిని చూపిస్తే లుక్. ఆ జనంలో పాత స్నేహితుడు అనుకోకుండా కంటబడితే సీ. మొదటి రెండింటికీ మనది 'చూడు' ఒక్కటే. మూడోదానికి మాత్రం 'కనబడు' ఉండనే ఉంది.

పోటీ పరీక్షల కోసం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో గది తీసుకుని చదివే పిల్లల నోటుపుస్తకాల్లో ఈ మూడూ ఒకే వరుసలో ఉంటాయి. ఎదురుగా ఒకే అర్థం. రాత్రంతా వల్లె వేస్తారు. తీరా ప్రశ్నలో ఖాళీ కనిపించేసరికి ఏది పెట్టాలో తోచదు. తప్పు పిల్లలది కాదు, ఆ పట్టికది.

మన తెలుగే చూడండి. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, చెప్పులు వేసుకుంటాం. ఇంగ్లీషువాడికి ఇవన్నీ 'వేర్' అనే ఒక్క మాటే. చీర తొడుక్కోకూడదని మనకు ఏ మాస్టారూ చెప్పలేదు. అమ్మ నోట, అక్క నోట వినీ వినీ ఏ క్రియ దేనితో పోతుందో పట్టుబడింది. ఇంగ్లీషూ అంతే. కొండ హై, మనిషి టాల్. అబద్ధానికి టెల్, సారీకి సే. వీటికి కారణాలు వెతకడం కంటే జతగా గుర్తుంచుకోవడం తేలిక.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నది ఇలాగే. పర్లాకిమిడిలో మాస్టరీ చేస్తూ, సవరల నోట విని, రాసుకుని, మళ్లీ వాళ్లతోనే మాట్లాడి చూసుకున్నారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1938లో. వినికిడి ముందు, నిఘంటువు ఎంతో తర్వాత. 1907 ప్రాంతంలో ఈ జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ కూడా భాషను వాడుకలోంచే నేర్పాలని పట్టుబట్టినవాడు. గిడుగువారికీ విజయనగరంలో ఉన్న గురజాడకూ ఆయన తోడు దొరకడం మన చదువులకు జరిగిన మేలు.

మాస్టార్లూ, ఒక్క మనవి. పర్యాయపదాల పట్టిక రాయించే ముందు, ఒక్కో మాటకు మన ఊళ్లో జరిగే సంగతితో రెండు వాక్యాలు పిల్లలచేత పైకి చెప్పించండి. రాత పని ఆ తర్వాత పెట్టుకోవచ్చు.