పాత ఓమ్నీకి పిస్టన్లు కొనేటప్పుడు

మా ఓమ్నీ వ్యాను నీలం పొగ వదులుతూ ఆయిలు తాగడం మొదలెట్టింది. తెల్లారేసరికి కూరగాయలు రైతుబజారు చేరాలంటే మాకు అదే దిక్కు. కొత్త బండి ఈ ఏడు మన వల్ల కాదు. ఇంజన్ పని ఇరవై వేలల్లో తేల్చాలని నేనూ మా ఇంటావిడా అనుకున్నాం.

"రింగులేస్తే చాలు బాబాయ్" అన్నాడు మెకానిక్ కుర్రాడు. కొలవకుండా చాలుతుందో లేదో ఎట్లా చెప్తాం అబ్బాయ్ అని, బ్లాకు విప్పించి లేత్ షాపులో బోరు కొలిపించా. (పొలం బోరు కాదండోయ్, ఇంజన్ బోరు.) 796 సీసీ, మూడు సిలిండర్లు, కొత్తలో బోరు 68.5 మిల్లీమీటర్లు. అరుగుదల ఎక్కువగా పైన, రింగులు తిరిగొచ్చే చోట ఉంటుంది. అదీ గుండ్రంగా అరగదు, కోడిగుడ్డులా సాగుతుంది. అందులో గుండ్రటి కొత్త రింగులేస్తే కొన్నాళ్లకే మళ్లీ పొగ.

ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50 అని దొరుకుతాయి. 0.25తో గీతలన్నీ పోతాయంటే అదే వేయించండి. ఇప్పుడే 0.50కి పోతే ఇంకోసారి బోరింగుకి ఛాన్సు ఉండదు, స్లీవులకు పోవాలి. మాకు 0.25 సరిపోయింది.

ఇంకో మాట, ముందు పిస్టన్లు కొని లేత్ వాళ్ల చేతికివ్వండి. వాటిని కొలిచే బోరు తీయాలి. పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. బిగుతైతే వేడికి పట్టేస్తుంది, వదులైతే పొద్దున్నే టకటకా కొడుతుంది.

ఏ కంపెనీది అంటారా? షోరూం డబ్బానే కావాలని లేదు. ఇండియా పిస్టన్స్, శ్రీరామ్ వాళ్ల ఉషా లాంటివి బండ్ల కంపెనీలకూ సరుకిచ్చేవే. ఆటోనగర్‌లో ఒకాయన పేరులేని సెట్టు సగం ధరకు చూపించాడు. బంగారం కొట్టు కాటా మీద పెడితే మూడూ మూడు తూకాలు! వెనక్కిచ్చేశా. యూట్యూబు కుర్రాళ్లు చెప్పే ఫోర్జుడు పిస్టన్లు రేసు బండ్లకి, మన వంకాయ బస్తాలకు మామూలు పోత పిస్టన్ చాలు.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. పిస్టన్ నెత్తిన బాణం గుర్తు పుల్లీ వైపు ఉండాలి. రింగు ఒక్కదాన్నే బోరులోకి దించి, దాని కొసల మధ్య సందు ఫీలర్ గేజితో చూడమనండి. మా వాడు "ఎప్పుడూ చూడం బాబాయ్" అన్నాడు గానీ, చూశాడు.

ఇప్పుడు సగం లోడుతో తిప్పుతున్నాం. 500 కిలోమీటర్లు తిరిగాక ఆయిలు మార్చాలి. ట్రాక్టరుకి లైనర్ సెట్లు మార్పించిన వాళ్లుంటే ఏవి వేయించారో కింద రాయండి.