ఒంటి మనిషి వెచ్చములు

"ఒక్కదానికి వంటయేమిటి?" అను మాట మనలో ఎప్పుడో యొకప్పుడు అననివారు అరుదు. ఆ మాటను నేనొక యేడాది పాటించి, దాని ఫలమును అనుభవించితిని. కావుననే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అత్తగారు 2023లో పరమపదించిరి. మఱుసటి యేట మావారికి రంపచోడవరము మన్యములోని యొక పాఠశాలకు బదిలీ యయ్యెను. మా అమ్మాయి గురుకులమునందు చేరెను. ఇంటియప్పు తీరలేదు, రెండుచోట్ల కాపురము పెట్టు శక్తి లేదు. అందుచే మావారు తోడి యుపాధ్యాయునితో నొక గదిలో నుండుటకును, నేను రాజమహేంద్రవరములో ఇల్లు కనిపెట్టుకొని యుండుటకును నిశ్చయమయ్యెను. నలుగురు మసలిన యింట నేనొక్కతెనే మిగిలితిని.

మనుష్యులు తగ్గిరిగాని నా చేతికొలత తగ్గలేదు. మొదటి తారీఖున వెనుకటి చీటీనే కొట్టువానికిచ్చితిని. 25 కిలోల బియ్యపు బస్తా, మూడు కిలోల కందిపప్పు, రెండు కిలోల రవ్వ. కూరలును కిలో చొప్పుననే. కొన్నాళ్లకే రవ్వలో పురుగు, బియ్యములో ముక్కపురుగు, బుట్ట యడుగున కుళ్లిన తోటకూర కనబడెను. వానిని పారవేయుచున్నప్పుడు మా అత్తగారు గుమ్మములో నిలిచి చూచుచున్నట్లుండెడిది. సిగ్గుపడి, కూరలు కొనుటయే మానుకొంటిని. ఆవకాయ, మజ్జిగ, ఉదయము వండిన యన్నమే రాత్రికిని. ఇది పొదుపని మురిసితిని.

బాల్యమున మా నాయనగారు నాచేత భారతము చదివించిరి. అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో తన గృహనిర్వహణమును జెప్పు ఘట్టము నాకు మిక్కిలి యిష్టము. పాండవుల ఆదాయవ్యయములు తానెఱుగుదుననియు, అందఱును భుజించిన పిదపనే తాను భుజింతుననియు ఆమె చెప్పును. నేను ఈ రెండవ మాటనే గట్టిగా బట్టుకొంటిని. అందఱును తినిన పిదప తినుట యలవాటైన నాకు, తినువారెవ్వరును లేనప్పుడు నా వంతు వచ్చుటయే మానెను.

ఒకనాటి యుదయము నీళ్లు తోడుచు కన్నులు తిరిగి పడితిని. ప్రక్కయింటి నర్సమ్మాయి నన్ను వైద్యురాలియొద్దకు దీసికొనిపోయెను. స్త్రీలకు 12 గ్రాములకు తక్కువ కాకుండ ఉండవలసిన హిమోగ్లోబిను నాకు 9 మాత్రమే యుండెను. మందు వ్రాసి, "నిన్న ఏమి తిన్నారు?" అని ఆమె యడిగెను. నేను సమాధానము చెప్పలేకపోతిని.

ఆ వారమే రైతుబజారునకు బోతిని. 1999లో మన రాష్ట్రమున నెలకొల్పబడిన యీ బజారులలో రైతులే తమ పంట తెచ్చి యమ్ముదురు. ధరలు పలకమీద వ్రాసియుండును. లంకలనుండి వచ్చిన యొక వృద్ధురాలిని పావుకిలో బీరకాయ లడుగుటకు నాకు నోరు రాలేదు. మెల్లగా అడిగి, "నేనొక్కదాననే" అని సంజాయిషీగా జెప్పితిని. ఆమె నవ్వి, "నేనూ ఒంటిదాన్నేనండీ అమ్మగారూ! బుట్ట దింపగానే ముందు నాకో పిడికెడు కూర పక్కన పెట్టేసుకుంటానండి. అమ్మగా మిగిలింది తిందామంటే, మిగిలేది వాడిపోయిందేగాండీ!" అనెను. ఆ పావుకిలో తూచి, పైన రెండు పచ్చిమిరపకాయలు వేసెను. ఏ గ్రంథమును నాకీ మాట చెప్పలేదు.

ఆనాడే క్రొత్త చీటీ వ్రాసికొంటిని. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో దినమునకు ఆకుకూరలతో గూడ కూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు తినవలెనని యున్నది. పూటకు 100 గ్రాముల బియ్యము చాలునని కొలిచి చూచుకొంటిని. నెలకు ఆరు కిలోలు. కందిపప్పు ఒక కిలో. పెసలు, మినప్పప్పు, శనగలు అరకిలో చొప్పున. రవ్వ అరకిలో తెచ్చి, వెంటనే వేయించి డబ్బాకెత్తుదును. నూనె చిన్న ప్యాకెట్లుగానే కొందును. తెఱచిన నూనె చిరకాలమున్న కారువాసన కొట్టును.

కూరలకు వారమునకు రెండుమారులు పోవుదును. కొనునప్పుడే ఏది యేనాడు వండవలెనో తలచుకొందును. మొదటినాడు ఆకుకూర, పిమ్మట బెండ, బీర, వంకాయలు, కడపట దొండ, కంద, బంగాళాదుంపలు. ఉల్లిపాయలను దుంపలను ఒకే బుట్టలో నుంచను. చేరియున్న త్వరగా చెడును. పచ్చబడిన దుంపను ఎంత చౌకయైనను కొనను, అది తినదగదు. ఆనపకాయ, కొబ్బరికాయ మాత్రము నర్సమ్మాయియు నేనును చెఱిసగము పంచుకొందుము. ఆమెయు ఒంటిగా నుండునదే.

చిల్లరగా గొన్న నష్టమని మీరనవచ్చును. లెక్క చూడుడు. ఒకనాడు బీరకాయలు కిలో 40 రూపాయలు, పావుకిలో 12 రూపాయలు. పైకి పావుకిలోకు రెండు రూపాయలు ఎక్కువయే. కాని కిలో తెచ్చి సగము పారవేసినచో, తినిన కాయలు కిలో 80 రూపాయలకు గొన్నట్లగును. ఒకటి కొన్న నొకటి యుచితమను పొట్లములును ఇట్టివే. రెండవది చెడినచో అందు ఉచితమేమున్నది? పొట్లముమీద గ్రాముకో కిలోకో ధర యెంతయో ముద్రించియుండును. దానిని, తుదితేదీని చదివి మఱి కొనుడు. దుకాణమునకు ఆకలితో బోకుడు, చీటీ లేక బోకుడు.

ఇప్పుడు నా వెచ్చములకు వెనుకటికంటె తక్కువయే యగుచున్నది. పారవేయునది దాదాపు లేదు. ఆఱు నెలల పిదప పరీక్షింపగా హిమోగ్లోబిను 12కు వచ్చినది. మొన్న మావారు సెలవునకు వచ్చి, పొయ్యిమీది చిన్నగిన్నెను జూచి, "నేను వచ్చునని నీకు తెలియదే! ఈ కూర ఎవరికి?" అనిరి. "నాకే" అంటిని. ఆ మాట యనుటకు నాకు ముప్పదియాఱేండ్లు పట్టినది.

ఉద్యోగమునకో చదువునకో ఒంటిగా నున్న చెల్లెండ్రును, పిల్లలు దూరదేశములకేగిన పెద్దలును మనలో నేడు అనేకులున్నారు. వారందఱికిని నా మనవి యొక్కటియే. పావుకిలో అడుగుటకు సిగ్గుపడకుడు. ద్రౌపది యెఱిగిన ఆదాయవ్యయముల లెక్క మనకును వలసినదే. ఆ లెక్కలో తినువారి వరుసను మీ పేరునుగూడ వ్రాసికొనుడు.