సైకిళ్ళ మీద మెదక్ గుడికి



మూసాపేట ఒకప్పుడు హైదరాబాదు పొలిమేరల్లో ఉన్న చిన్న ఊరు. ఈనాడు దాని నడుమ నుండి బొంబాయి రహదారి పోతుంది. ఆ రహదారి మీద స్తంభాలెత్తి వేసిన పట్టాలపై 2017 నవంబరు నుండి మెట్రో రైలు నడుస్తోంది. ఒక ప్రక్క బాలానగర్, సనత్‌నగర్ కర్మాగారాలు, మరొక ప్రక్క హైటెక్ సిటీకి పోయే దారి. ఇక్కడి ఇరుకు గదుల్లో అద్దెకుంటున్న వారిలో చాలామంది పని వెదుక్కుంటూ పల్లెల నుండి వచ్చినవారే. ఆదివారం ఆరాధన ముగిశాక ప్రక్కనున్న వారిని సొంత ఊరేదని అడిగితే మెదక్ ప్రాంతపు పల్లె ఏదో ఒకటి తప్పక వినిపిస్తుంది.

మెదక్ పెద్ద గుడిని మేము ఇంతకు ముందు చాలాసార్లు చూశాము. వ్యాను మాట్లాడుకుని తెల్లవారి బయలుదేరడం, గుడి చూసి, చెట్ల క్రింద భోజనం చేసి, సాయంత్రానికి తిరిగి రావడం మాకు అలవాటు. కాని మధ్యలో ఉన్న ఊళ్ళు మాకు కిటికీలో కనబడి మాయమయ్యేవి. అందుచేత పోయిన నవంబరులో మాలో ఆరుగురం, నలుగురు యువకులు, నడివయసు వారు ఇద్దరం, సైకిళ్ళ మీద వెళ్ళాలని అనుకున్నాము.

ఈ ఆలోచన మా యువకులలో ఒకరిది. ఆయన సైబరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తారు. అక్కడ ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన, పైకప్పుగా సౌర పలకలు పరచి, 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో ప్రారంభించారు. మా వాళ్ళు సైకిలు అలవాటు చేసుకున్నది ఆ నీడలోనే. ఫ్రాన్సు దేశపు పల్లెదారుల్లో సైకిలు తొక్కేవారిని గురించి ఆయన మాకు చెప్పారు. అక్కడ ఊరూరికీ పాత రాతి గుడి ఉంటుంది. దాని శిఖరాన్ని చూసుకుంటూ ఒక ఊరి నుండి మరొక ఊరికి పోతారట. సమాధుల తోటలోని కుళాయి దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుంటారట. దక్షిణ ఫ్రాన్సులోని లాబాస్తీద్ దార్మాన్యాక్ అనే ఊరి దగ్గర పురాతనమైన చిన్న గుడి ఒకటి ఉంది. 1959లో జోసెఫ్ మాసీ అనే గురువు దానిని సైకిలు వారి గుడిగా చేశారు. పేరుపొందిన పోటీదారులు తొడిగిన చొక్కాలు అక్కడ గోడలకు వ్రేలాడుతుంటాయి.

అయితే ఆ దేశంలో మరొక సంగతి కూడా ఉంది. 1905లో వచ్చిన చట్టం ప్రకారం అంతకు ముందు కట్టిన ఊరి గుళ్ళు దాదాపుగా అన్నీ ఆయా ఊరి పాలక సంఘాల ఆస్తి. గోడలు బాగుచేయడం వారి వంతు. కాని లోపల కూర్చుని ఆరాధించేవారు మాత్రం తగ్గిపోయారు. చాలా గుళ్ళకు వారమంతా తాళమే. రాళ్ళు నిలిచాయి, మనుషులు వెళ్ళిపోయారు. మన పల్లెల్లో సంగతి ఎలా ఉన్నదో చూద్దామన్నది కూడా మా ప్రయాణంలో ఒక ఉద్దేశం.

మూసాపేట నుండి మెదక్ దాదాపు 90 కిలోమీటర్లు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రార్థన చేసుకుని బయలుదేరాము. బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా దాటి, జీడిమెట్ల, సూరారం మీదుగా గండిమైసమ్మ చేరేవరకు లారీల మధ్యనే ప్రయాణం. అంత ప్రొద్దున కూడా కర్మాగారాల నుండి రాత్రి పని ముగించుకుని మామూలు సైకిళ్ళ మీద ఇంటికి పోయేవారు ఎదురయ్యారు. మాకు సైకిలు సరదా. వారికి అది జీవనం. వారిలో ఒకాయన మా గేర్ల సైకిళ్ళ వంక చూసి నవ్వి, చెయ్యెత్తి పలకరించి పోయాడు.

దుండిగల్ దగ్గర రింగు రోడ్డు దాటాక గాలి మారింది. గుమ్మడిదల గడిచి నర్సాపూర్ అడవిలో ప్రవేశించేసరికి తెల్లగా తెల్లవారింది. దారికి రెండు వైపులా చెట్లు, గట్ల మీద కోతులు. సంచిలో అరటిపండ్లు కనబడితే కోతులు ఊరుకోవు కనుక అక్కడ ఆగలేదు. అడవి దాటి నర్సాపూర్‌లో ఇడ్లీలు తిని, సీసాలు నింపుకుని కౌడిపల్లి వైపు సాగాము.

అది వరి కోతల కాలం. రైతులు రోడ్డులో ఒక ప్రక్క అంతా వడ్లు ఎండబోశారు. వాటి అంచున రాళ్ళు పెట్టారు. వాహనాలన్నీ మిగిలిన సగంలోనే పోవాలి. సైకిలు మీద పోయేవారు అక్కడ మిక్కిలి జాగ్రత్తగా ఉండాలి, వడ్ల మీద చక్రం ఎక్కితే జారుతుంది. ఒక తల్లి మమ్మల్ని చూసి పార ప్రక్కకు తీసి, దారి ఇచ్చింది. మోటారులో పోయేవారికి ఆ వడ్లు అడ్డంకిగానే కనబడతాయి. సైకిలు మీద పోతే వాటి వాసన తెలుస్తుంది, వాటిని కాపలా కాసేవారి ముఖం కూడా కనబడుతుంది.

కౌడిపల్లి దాటిన తరువాత దారికి కొంచెం లోపలగా ఒక పల్లెలో సిమెంటు సిలువ కనిపించింది. రేకుల కప్పు, సున్నం వేసిన గోడలు, ముందర వేపచెట్టు. గంటకు బదులు రైలు పట్టా ముక్క ఒకటి కొమ్మకు కట్టి ఉంది. నీళ్ళ కోసం ఆగాము. గుడి వాకిలి ఊడుస్తున్న ఒక అవ్వ చీపురు ప్రక్కన పెట్టి మా దగ్గరకు వచ్చింది.

"ఏ ఊరు బిడ్డా మీది? గీ ఎండల సైకిళ్ళేంది?"

"మూసాపేట నుండి వస్తున్నాం అవ్వా. రేపు మెదక్ పెద్ద గుడిలో ఆరాధనకు పోతున్నాం."

"మెదక్ గుడికి మస్తుమంది పోతరు బిడ్డా. క్రిస్మస్‌కైతే కార్లు రయ్యిమని పోతనే ఉంటయి. గీడ ఎవ్వలు ఆగరు. గిది గూడ గుడే గదా!"

ఆమె తలుపు తీసి, చాప పరచి, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఇంతలో సంఘ పెద్ద గారు కూడా వచ్చారు. ఒకప్పుడు ఆదివారం వస్తే చోటు చాలక పిల్లలు గుమ్మంలో కూర్చునేవారట. ఇప్పుడు పదిహేను మంది వస్తే ఎక్కువని, వారిలోనూ ముసలివారే అధికమని ఆయన చెప్పారు. పాస్టరు గారికి అనేక గ్రామాలు ఉన్నందున ప్రతి వారం రాలేరు. రానివారం ఈ పెద్ద గారే వాక్యం చదివి ప్రార్థన చేస్తారు. చదువుకున్న పిల్లలంతా పట్నం చేరారు.

"మా మామ తండ్రి మెదక్ గుడికి రాళ్ళు మోసిండట బిడ్డా," అన్నది అవ్వ. "మా మనుమడు మీ మూసాపేటల్నే ఉంటడు. రెండేండ్లాయె, క్రిస్మస్‌కు గూడ రాలే. ఫోన్ల మాట్లాడుతడు గని, మనిషిని చూడాలె గదా."

మేము అందరం కలిసి ఒక కీర్తన పాడి, ప్రార్థన చేశాము. ఆమె లేచి తన మనుమని ఫోను నంబరు వ్రాసి ఉన్న కాగితం తెచ్చి మా చేతిలో పెట్టింది.

అక్కడి నుండి కొల్చారం మీదుగా మెదక్ పోయే దారిలో మేము ఎక్కువ మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం దాటాక చెట్ల పైన 175 అడుగుల గోపురం కనబడింది. ఎన్నిసార్లు చూసినా గంభీరమైన కట్టడం. చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు 1895లో మన దేశానికి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనెరీ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ప్రాంతాన్ని కరువు పట్టినప్పుడు, ఆకలితో వచ్చినవారికి ఆయన గుడి కట్టే పని కల్పించి తిండి పెట్టారు. 1914లో మొదలైన పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న దేవాలయం ప్రతిష్ఠించబడింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఇంచుమించు 5,000 మంది కూర్చోవచ్చు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పటి నుండి ఇది మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయం. 2024 క్రిస్మస్‌తో దీనికి నూరేండ్లు నిండాయి.

ఆదివారం ప్రొద్దున ఆరాధనలో కూర్చున్నాము. ప్రభువు జననం, సిలువ మరణం, ఆరోహణం చూపే మూడు పెద్ద గాజు కిటికీలు ఇక్కడ ప్రసిద్ధి. వాటిని ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించాడు. వెలుపలి ఎండ తగిలితేనే ఆ బొమ్మలు లోపలివారికి కనబడతాయి. చీకటి పడితే నల్లని గాజు మాత్రమే మిగులుతుంది. అయితే ఈసారి మా చూపు కిటికీల కంటే గోడల మీదనే ఎక్కువ నిలిచింది. ఈ రాళ్ళు మోసినవారు ఎక్కడి వారో మేము నిన్ననే చూసి వచ్చాము. వారి మునిమనుమలు పట్నంలో ఉన్నారు, వారి కోడళ్ళు రేకుల గుడి వాకిలి ఊడుస్తున్నారు. ఆ పల్లె గుళ్ళు మూతపడితే, ఈ గోపురం ఎంత ఎత్తున నిలిచినా యాత్రికులకు చూపే కట్టడంగానే మిగిలిపోతుంది.

భోజనమయ్యాక సైకిళ్ళను ఒక ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, చీకటి పడే వేళకు ఇల్లు చేరాము.

ఆ వారంలోనే అవ్వ మనుమనికి ఫోను చేశాము. అతడు మా వీధికి నాలుగు వీధుల అవతలే ఉంటున్నాడు! మోటారు సైకిలు మీద ఇండ్లకు భోజనం చేరవేసే పని. ఆదివారమే ఆర్డర్లు ఎక్కువ, ఆ ఒక్కరోజు మానుకుంటే అద్దె కట్టడం కష్టమని చెప్పాడు. అతడిని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. మన ఇండ్లకు ఆదివారం భోజనం తెచ్చేవాడు కూడా అటువంటి బిడ్డే గదా. గుడి వాకిలి, వేపచెట్టు, అవ్వ తీసిన ఫొటోలు చూపించాము. చాలాసేపు చూశాడు. కోతపండుగకు సెలవు పెట్టి పోతానన్నాడు. పోతే మీతోపాటు సైకిలు మీద వస్తానని నవ్వాడు కూడా. వెళ్ళేనో లేదో కాలమే చెప్పాలి. ఈలోగా శుక్రవారం రాత్రి మా ఇంటి ప్రార్థనకు రెండుసార్లు వచ్చాడు.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు నడుస్తూ ఉండగా ప్రభువు వారితో కలిసి నడిచాడు. నడిచే వేగంలో పోయేవారికే దారిలో మాట్లాడేవారు దొరుకుతారు. సైకిలు కూడా దాదాపు అటువంటిదే. పట్నంలోని యువజన సంఘాలవారికి మా మనవి ఏమంటే, ఈ చలికాలంలో ఒక శనివారం మీకు తెలిసిన పల్లె దారి పట్టండి. వెనుక దీపం, పంక్చరు సామాను, నీళ్ళు మరువవద్దు. ఎండ ముదరక ముందే సగం దారి గడవండి. పెద్ద గుడికి పోండి, తప్పు లేదు. కాని దారిలో ఒక చిన్న గుడి దగ్గర దిగి, ఒక కీర్తన పాడి పోండి.

పల్లెల్లో ఉన్న మా సహోదరీ సహోదరులారా, మీ పిల్లలు పట్నంలో ఏ పేటలో, ఏ వీధిలో ఉన్నారో మీ పాస్టరు గారికి వ్రాసి ఇవ్వండి. ఆయన మాకు పంపితే, ఆ తలుపు తట్టే పని మేము చేస్తాము.