ఎక్సైజ్ చెట్టు

పాతబస్తీలో ఏ వైన్ షాపు ముందైనా ఒక్క క్షణం ఆగి చూడండి. ఇనుప జాలీకి ఆవల సీలు వేసిన సీసాలు. ఈవల, రోడ్డు మీద తోపుడు బండి. దానిపై గుడాలు, పల్లీలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు. ఎ-4 లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వ డిపో నుంచి వచ్చిన సీసాను సీలు విప్పకుండా అమ్ముకొనే హక్కు. (పేరుకు వైన్ షాపే కానీ అక్కడ వైను అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.)

ఆ దుకాణంలో కల్లు దొరకదు. కల్లుకు వేరే లైసెన్సు, వేరే దుకాణం. ఈ విభజన పాతదే. నిజాం కాలపు ఆబ్కారీ చట్టం 1316 ఫస్లీ నాటిది, అంటే 1906-07. దాని స్థానంలో 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. ఆ శాఖ నిబంధనల్లో నాకు ఎంతో ఇష్టమైన మాట ఒకటుంది: ఎక్సైజ్ చెట్టు. కల్లు గీయదగిన తాడి, ఈత వంటి చెట్లకు సర్కారు పెట్టిన పేరది. సీసా లెక్క డిపో దగ్గర మొదలైతే, కల్లు లెక్క చెట్టు దగ్గర మొదలవుతుంది. ఏ చెట్లు, గీసేదెవరు అన్నది తేలాకే దుకాణం.

మరి హైదరాబాదులో చెట్లేవి? 2004లో నగరంలోని కల్లు దుకాణాలను మూసివేసినప్పుడు వినిపించిన వాదం ఇదే. చెట్టు లేనిచోట కల్లు ఎక్కడిది?

మా గల్లీ చివరి కల్లు కాంపౌండు పక్కన గుడాలమ్మే అవ్వ ఒకామె ఉండేది. ఈతకల్లును ఇక్కడి ఉర్దూలో సేంధీ అంటారు; ఆమె బేరం రెండు భాషల్లోనూ సాగేది. కాంపౌండు మూతపడ్డాక గంపను వైన్ షాపు ముందుకు మార్చింది. "ఆడ కూసుండి తాగేటోళ్లు బిడ్డా, కడుపునిండ తినేటోళ్లు. ఈడ నిలబడి గుటుక్కున తాగి పోతరు" అనేది. ఆమె చెప్పని సంగతి మరొకటి ఉంది. కాంపౌండులో కూలి పని ముగించుకొని వచ్చిన ఆడవాళ్లు కూడా కూర్చొనేవారు. వైన్ షాపు కౌంటరు దగ్గర వారిలో ఒక్కరూ నాకు కనిపించలేదు. సరుకును విడదీసిన గీత మనుషులను కూడా విడదీసింది.

2014లో తెలంగాణ ప్రభుత్వం ఆ దుకాణాలను తిరిగి తెరిపించింది. గీత కార్మికులకు బతుకు దొరికిందని సంతోషించాను. కానీ పాత ప్రశ్న అలాగే మిగిలింది. చెట్టు చాలనప్పుడు కుండ నింపేది క్లోరల్ హైడ్రేటు, డైజీపామ్, ఆల్ప్రాజోలం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దుకాణం కల్లు దుకాణమే, అమ్మింది మాత్రం కల్లు కాదు. సీసాకు హోలోగ్రామ్ ఉంది, డిపో లెక్క ఉంది. కుండకు ఏముంది?

నన్నడిగితే మూసివేత అక్కర్లేదు. దుకాణం బోర్డు మీద ఏ ఊరి చెట్లు, ఎన్ని, ఈరోజు ఎన్ని లీటర్లు దిగింది అని రాసిపెట్టమనండి చాలు. పది చెట్ల పేరు చెప్పి వంద చెట్ల కల్లు అమ్ముతుంటే లెక్క తాగేవాడికే తెలిసిపోతుంది.

లాల్‌దర్వాజా బోనాల నాడు పోలీసులు వైన్ షాపులు మూయిస్తారు. అమ్మవారికి సాక పోయడానికి మాత్రం కల్లు కావాలి. మా పక్కింటివారు దానికోసం కల్లు దుకాణానికి వెళ్లరు. తెల్లవారకముందే బండి తీసి, ఊళ్లో తెలిసిన గౌడు దగ్గరికి వెళ్లి, ఆయన చెట్టు దిగేదాకా కిందే నిలబడి లొట్టి పట్టుకొస్తారు.