కాలికి ఒదిగే బూటు

ఇటలీలో వెనిస్‌కి ఎగువన, కొండల మొదట్లో ఉంటుంది మాంటెబెల్లూనా. కొండలెక్కేవాళ్లకు తోలుబూట్లు కుట్టిన ఈ ఊరు తర్వాత ప్లాస్టిక్ స్కీ బూట్లతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఆ బూటులో బయట గట్టి డొప్ప, లోపల మెత్తటి తొడుగు... అదే లైనర్. కొత్తలో ప్రాణం తోడేస్తుంది! అలాగని హాయిగా ఉందని పెద్ద సైజు కొంటే, వాడేకొద్దీ లైనర్ అణిగి పాదం లోపల ఆడుతుంది, మంచుమీద మలుపు తిరగడం కష్టం. నిటారుగా నిలబడితే వేళ్లు ముందువైపు తాకాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి. ఇక మిగిలిన నొప్పికి విరుగుడు వేడి. ఒదిగే రకం లైనరైతే దుకాణంలోనే వేడిచేస్తారు. వేళ్లకు ఫోమ్ టోపీ, పైన పల్చటి సాక్సు తొడిగి కాలు దూర్చాలి. బకిల్స్ పెట్టుకుని, చల్లారేదాకా కదలకుండా నిలబడాలి. చీలమండ ఎముకకు చోటు దానంతటదే ఏర్పడుతుంది. ఆ తర్వాత ఇంట్లో టీవీ చూస్తూ ఓ గంట తొడుక్కున్నా మంచిదే, ఎవరు నవ్వినా సరే!